సూదులు మరిగేదాకా

బయలుదేరే ముందు

హైదరాబాదు వెళ్లే దారిలో సూర్యాపేట అందరం చూసినదే. కానీ సూర్యాపేట చూడ్డానికని బయలుదేరినవాళ్లు నాకైతే ఎక్కడా తారసపడలేదు. బస్సు ఆగుతుంది, టీ తాగుతాం, డ్రైవరు హారన్ కొడతాడు, పరుగెత్తి ఎక్కేస్తాం. కోదాడదీ అదే కథ. మిర్యాలగూడ పేరైతే బియ్యం బస్తాల మీద చదవడమే. ఆ మూడు ఊళ్లు చూసి రావడానికి నేను ఆఫీసు ఖర్చు మీద చీరలు సర్దుకుంటూ ఉంటే మా చెల్లెలికి నవ్వాగలేదు.

"అక్కడేముందే చూడ్డానికి?" అంది.

"సుఖవ్యాధులు" అన్నాను. ఆ తర్వాత ప్రయాణం గురించి ఇంకేమీ అడగలేదు.

గుంటూరు దాటి ఇంకా దిగువకు పోతే వచ్చే ఒక చిన్న పట్నం మాది. అక్కడి ఆసుపత్రిలో నేను హెల్త్ విజిటర్ని. ఎయిడ్స్ అన్న మాట అప్పుడప్పుడే గోడల మీదికి ఎక్కుతున్న రోజులవి. మా ఆసుపత్రిలో కూడా ఒక గది ఖాళీ చేయించి 'సుఖవ్యాధుల చికిత్సా కేంద్రం' అని పెద్ద బోర్డు రాయించారు. బోర్డు బ్రహ్మాండంగా ఉంది. రోడ్డు అవతల సోడా కొట్టు నుంచి కూడా చదువుకోవచ్చు. అందుకే ఆ గుమ్మం తొక్కడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

వచ్చిన కొద్దిమందిలో నాగమణి ఒకతి. మా వార్డులోనే ఉంటుంది, అప్పడాలు ఒత్తి కొట్లకు వేస్తుంది. రెండు కాన్పులయ్యాయి, ఇద్దరు పిల్లలూ కడుపులోనే పోయారు. మూడోసారి నెల తప్పినప్పుడు నేనే రక్తపరీక్ష చేయించాను. సవాయి, అంటే సిఫిలిస్, అని తేలింది. మొగుడు కోటేశ్వరరావు లారీ డ్రైవరు, అతన్నుంచి వచ్చిందే. అతను ట్రిప్పులో ఉన్నప్పుడు ఆమెను వెనక గుమ్మం నుంచి పిలిచి పెన్సిలిన్ ఇంజెక్షన్లు చేశాం. కానీ అతనికి కూడా వైద్యం జరగకపోతే ఆమెకు మళ్లీ అంటుకుంటుంది, అప్పుడు ఈ బిడ్డ కూడా దక్కదు.

"ఆయనకు చెప్పమ్మా" అంటే ఆమె మొహం పాలిపోయింది. "చెప్తే 'నువ్వెక్కడ తెచ్చుకున్నావే' అంటాడండి. పుట్టింటికి పంపేస్తాడు. నాకు పుట్టిల్లే లేదండి" అంది.

అతను ఊళ్లోకి వచ్చిన ప్రతిసారీ నాకు అన్నం సయించేది కాదు. ఏం చేయాలో తెలియక మా డాక్టరమ్మ దగ్గర మొత్తుకున్నాను. ఆమె ఏదో శిక్షణకు వెళ్లినప్పుడు విన్న సంగతి చెప్పింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఆరోగ్య శాఖ వాళ్లు నెలకోసారి ఒకచోట కూర్చుని ఒకరి పని ఒకరు నేర్చుకుంటారట. అక్కడ డ్రైవర్లు తమంతట తామే వచ్చి రక్తం ఇస్తున్నారట. "వెళ్లి చూసి రండి, ల్యాబ్ శేషగిరి గారిని కూడా తీసుకెళ్లండి" అంది.

శేషగిరిరావు గారు మా ల్యాబ్ టెక్నీషియన్. ఇంకో రెండేళ్లలో రిటైరవుతారు. మనిషి మంచివారు, కానీ నోరు ఒక్క క్షణం ఊరుకోదు. ఆయన సంచిలో రెండు జతల బట్టలు, ఒక ఇత్తడి కాఫీ ఫిల్టరు, ఒక కాఫీపొడి డబ్బా ఉన్నాయి.

సూర్యాపేట

ఎండ నడినెత్తిన ఉండగా దిగాం. సత్తయ్య బస్టాండుకే వచ్చి నిలబడ్డాడు. ఆయన అక్కడి ఆరోగ్య కార్యకర్త. చిన్నప్పుడు లారీ మీద క్లీనరుగా తిరిగి, ఆ తర్వాత చదువుకుని ఈ ఉద్యోగంలో చేరాడు.

"రాండ్రి, రాండ్రి. ఎండకు మాడిపోయిండ్రు గదా. ముందుగాల చాయ్ తాగుండ్రి, దవాఖాన యాడికి పోదు" అన్నాడు.

"కాఫీ దొరకదా?" అని శేషగిరి గారు అడిగారు. హోటలతను ఆయన్ను జాలిగా చూసి, "కాఫీ లేదు సారు, చాయ్ ఉన్నది. జర తాగి సూడుండ్రి" అన్నాడు. రూపాయికి ఇచ్చిన ఆ చాయ్ చిక్కగా, తియ్యగా ఉంది. నేను రెండోది కూడా తాగాను. శేషగిరి గారు గ్లాసును చేత్తో పట్టుకుని దాని వంక అనుమానంగా చూస్తూ కూర్చున్నారు.

వాళ్ల గదికి బోర్డు లేదు. ఆసుపత్రి వెనక, లారీలు బాగుచేసే సందులోకి తెరుచుకునే తలుపు ఉంది, అంతే. బోర్డేది అని అడిగితే సత్తయ్య చెయ్యి ఊపాడు. "బోర్డు ఉన్నన్ని దినాలు ఈగలు గూడ రాలే మేడం. ఒకనాడు గాలికి పడిపోయింది. మల్ల పెట్టలే. గప్పటిసంది వస్తున్నరు."

లోపల బెంచీ మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. సత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఎర్ర హనుమాన్ ఉన్నడా? లోపటికి రా" అని పిలిచాడు. లుంగీ కట్టుకున్న ఒక నడివయసు మనిషి లేచి లోపలికి పోయాడు. తర్వాత "జాన్‌పహాడ్ సైదన్న" అన్నాడు. మీసమైనా సరిగా రాని ఒకతను లేచాడు. నాకు అయోమయంగా అనిపించింది.

అక్కడ రోగిని పేరు అడగరు. లారీ నుదుటి మీద ఏం రాసి ఉంటే అదే మనిషి పేరు. పరీక్ష గాజుపలక మీద కూడా అదే రాస్తారు. "వాని పేరు నాకెందుకు మేడం? పేరడిగితే ఊరు చెప్పాలె, ఊరు చెప్తే కులం గిట్ల అన్నీ బయటవడ్తయి. లారీ పేరడిగితే నవ్వుకుంట చెప్తడు" అన్నాడు సత్తయ్య. మా దగ్గర పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, వృత్తి అన్నీ అడిగి గాని మనిషి మొహం చూడం.

నాకు వెంటనే కోటేశ్వరరావు లారీ గుర్తొచ్చింది. నీలం రంగు కేబిన్ మీద పసుపు అక్షరాలతో 'తిరుపతమ్మ తల్లి' అని ఉంటుంది. అతను మిర్యాలగూడ బియ్యం వేసుకుని ఈ రోడ్ల మీదే తిరుగుతాడు. శేషగిరి గారికి ఆ సంగతి చెప్పి, ఆ పేరు కనబడితే నాతో చెప్పమన్నాను. ఈ మాటతో ఆయన కాఫీ బాధ కొంత తగ్గింది. కిటికీ దగ్గర చేరి వచ్చేపోయే లారీలన్నింటి నుదుళ్లూ చదవడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం సత్తయ్య ఇంట్లో భోజనం. ఆయన భార్య పొయ్యి ముందు కూర్చుని చేత్తోనే జొన్నరొట్టెలు తట్టి వేసింది. రొట్టెలోకి గోంగూర పప్పు.

"గోంగూర చాలా బాగుందమ్మా" అన్నాను.

"గోంగూర మీ దిక్కు. మా దిక్కు పుంటికూర" అందామె నవ్వుతూ. "ఇంకొకటి ఏస్తనుండ్రి అక్కా, ఏం తిన్నరు మీరు?"

తింటూ సత్తయ్యను అడిగాను, పేర్లేమీ చెప్పకుండానే. భార్యకు తెలుసు, భర్తకు తెలియదు, అతన్ని ఎలా రప్పించడం అని. ఆయన రొట్టె తుంచుతున్న చెయ్యి ఆపాడు.

"భార్యతోని మాత్రం కబురు పెట్టకుండ్రి మేడం. ముందు ఎవరు చెప్తే వాళ్ల నెత్తిన పడ్తది రోగం. మొగోడు తనకు తానే రావాలె."

"తనకు తాను ఎందుకొస్తాడయ్యా?"

"గది మస్తాన్ దగ్గర సూడుండ్రి. కోదాడల" అన్నాడు.

కోదాడ

సూర్యాపేట నుంచి కోదాడ వెళ్తుంటే బస్సులో మాట నెమ్మదిగా మారిపోయింది. ఎక్కేటప్పుడు "జర జరుగుండ్రి" అన్నారు. దిగేటప్పుడు "కొంచెం జరగండమ్మా" అన్నారు. అంతకంటే ముఖ్యమైన విషయం, కోదాడలో కాఫీ దొరికింది. శేషగిరి గారు మొదటి గుక్క మింగి కళ్లు మూసుకున్నారు. ఇంటికి ఉత్తరం రాసినంత తృప్తి కనబడింది ఆయన మొహంలో.

ఊరి చివర లారీలు బారులు తీరే హోటల్ ఉంది. పక్కనే పంక్చర్ షాపు. ఆ షాపు రేకుల నీడలో చిన్న బల్ల వేసుకుని, దాని మీద పంపు స్టవ్వు వెలిగించి కూర్చున్నాడు అక్కడి ఆరోగ్య కార్యకర్త మస్తాన్. స్టవ్వు మీద వెడల్పాటి స్టీలు గిన్నె, అందులో నీళ్లు. మమ్మల్ని పలకరించి, గాజు సిరంజీలు, సూదులు ఒక్కొక్కటే అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుని నీళ్లలో వేశాడు. మూత పెట్టలేదు.

నీళ్లు కాగడం చూసి శేషగిరి గారు అలవాటు కొద్దీ సంచిలోంచి ఫిల్టరు బయటికి తీశారు.

"సార్, అందులో సూదులున్నాయండి" అన్నాడు మస్తాన్. చుట్టూ ఉన్న డ్రైవర్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వుతో మేం వాళ్లలో కలిసిపోయాం.

నీళ్లు కుతకుతమని ఉడకడం మొదలయ్యాక ఇరవై నిమిషాలు సూదులు అందులోనే ఉండాలి. టైరు తీసి, ట్యూబు అతికించి, మళ్లీ బిగించడానికి కూడా ఇంచుమించు అంతే పడుతుంది. డ్రైవరుకు వేరే పని లేదు. ఊరికే కూర్చునే మనిషి గిన్నె వైపు చూస్తాడు, అడుగుతాడు. మస్తాన్ తనంతట తాను ఏమీ మొదలుపెట్టడు. అదే అతని విద్య.

"ఇవెందుకు ఇట్లా ఉడకేస్తన్నావ్?" అన్నాడొక డ్రైవరు.

"ఒకరి రక్తంలో ఉన్న కామెర్లు ఇంకొకరికి ఎక్కకుండా అన్నా. ఒకే సూదితో నలుగురికి గుచ్చితే నలుగురికీ వస్తది."

"మా బావమరిదికి అయినయి కామెర్లు. ముక్కులో పసరు పోయించినం, చెయ్యి కాల్పించినం. పొట్ట ఉబ్బి పోయిండు పాపం."

మస్తాన్ పసరును తిట్టలేదు. "అయ్యో, ఎంత వయసన్నా?" అని అడిగాడు. తర్వాత, "ఈసారి ఎక్కడ ఇంజెక్షన్ వేయించుకున్నా 'సూది మరిగిందేనా' అని ఒక్క మాట అడుగు. అడగడానికి సిగ్గెందుకు?" అన్నాడు. స్టవ్వు మంట సరిచేస్తూ మామూలుగానే అన్నాడు, "ఆ కామెర్లు సూదితోనే కాదు, ఆడ, మగ కలిసినప్పుడు కూడా వస్తాయి. ఆ దారిన వచ్చేవి ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్నిటికి మందుంది, తొందరగా వస్తే పూర్తిగా పోతాయి."

ఒకతను బీడీ పారేసి దగ్గరికి జరిగాడు. "ఎట్లాంటివి?" అన్నాడు మెల్లగా.

ఇరవై నిమిషాలు అయ్యేసరికి ముగ్గురు చొక్కా చేతులు పైకి మడిచారు. మస్తాన్ అడగనే లేదు. మా బోర్డు కింద నెలంతా కూర్చున్నా ముగ్గురు రారు. నాకు ఒకపక్క సంతోషం, ఇంకోపక్క కడుపులో మంట. ఇంత తేలికైన పని మాకెందుకు తట్టలేదు?

నేరేడుచర్ల దగ్గర

మిర్యాలగూడ బస్సు హుజూర్‌నగర్ మీదుగా పోతుంది. రోడ్డుకు రెండువైపులా కాలవనీళ్ల పచ్చదనం, వరి మడుల్లో వంగిన ఆడవాళ్లు. మా కృష్ణా డెల్టాలో పుట్టినదాన్ని కనక నాకు వరి కొత్త కాదు. కానీ నాట్లేసేటప్పుడు అద్దాల రవికెలు తళతళమనడం ఇక్కడే చూశాను. పక్కన కూర్చున్న తండా ఆవిడ నాతో తెలుగులో, తన కూతురితో లంబాడీలో, ఒకే ఊపులో మాట్లాడుతూ వచ్చింది. ఒడిలోని మూటలోంచి వేయించిన పల్లీలు తీసి నాకూ ఒక గుప్పెడు పెట్టింది. వద్దంటే వినలేదు.

నేరేడుచర్ల దగ్గర బస్సు టైరు పంక్చరైంది. అందరూ దిగి విసుక్కుంటుంటే శేషగిరి గారు పంక్చర్ షాపు చుట్టూ తిరిగి వచ్చారు.

"ఇక్కడ స్టవ్వు లేదండీ" అన్నారు నిరాశగా. కోదాడ ఆయన మీద బాగానే పనిచేసింది.

మిర్యాలగూడ

ఊరు ఇంకా కనబడకముందే ఉడికిన వడ్ల వాసన వచ్చింది. ఇక్కడి మిల్లుల్లో వడ్లు ఉడకబెట్టి ఆరబోసి ఆడతారు. మిల్లు వెనక ఊక గుట్టలు, ముందు లారీల వరస. బియ్యం నింపుకునే వంతు రావడానికి ఒక్కోసారి రోజులు పడతాయట. అంతవరకూ డ్రైవర్లు లారీ నీడలో పేకాడుతూ, వండుకుంటూ, బట్టలు ఉతుక్కుంటూ కాలం గడుపుతారు.

ఇక్కడి ఏఎన్ఎం జమునా బాయి. పక్క తండాలోనే పుట్టింది. మిల్లుల్లో వడ్లు ఆరబోసే ఆడవాళ్లందరికీ అక్క. నెలవారీ సమావేశం ఈసారి ఆమె వంతు. మిల్లు యజమానిని అడిగి ఒక ఖాళీ గది సంపాదించింది. సత్తయ్య, మస్తాన్ పొద్దున్నే వచ్చేశారు.

వంటలు ఘుమఘుమలాడుతున్నాయి. బగారా అన్నం, మటన్ కూర, పచ్చిపులుసు. విస్తర్లు వేశారు గానీ ఎవరూ వడ్డించడం లేదు. శేషగిరి గారు చెయ్యి కడుక్కుని మరీ కూర్చున్నారు.

"తినే ముందు ఎవరికి వాళ్లు ఈ నెల్ల చెడిపోయిన పని ఒకటి చెప్పాలె సారు" అంది జమున. "మంచిగైన పని అందరం చెప్పుకుంటం. చెడిపోయింది చెప్తేనే పక్కూరోళ్లకు పనికొస్తది. చెప్పినోళ్లకే బువ్వ."

సత్తయ్య మొదలుపెట్టాడు. ఆ నెలలో ఒకేరోజు ఇద్దరు 'జై హనుమాన్'లు వచ్చారట. ఒకరి ఫలితం ఇంకొకరికి చెప్పేశాడు. ఏ రోగమూ లేనివాడు తనకు రోగముందని హడలిపోయి, దేవుడికి కొబ్బరికాయ కొట్టి, ఇక బీడీ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. వెంటనే తెలిసి సరిచేశారు గానీ, అప్పట్నుంచీ కేబిన్ రంగు కూడా అడుగుతున్నారు. "ఎర్ర హనుమాన్, పచ్చ హనుమాన్" అని సత్తయ్య అంటుంటే అందరం నవ్వాం. సూర్యాపేటలో విన్న ఆ పిలుపు సంగతి అప్పటికి తెలిసింది.

మస్తాన్ నవ్వలేదు. అతను చెప్పింది పాత సంగతే, కానీ మేం కొత్తవాళ్లం కనక మళ్లీ చెప్పాడు. మొదట్లో లైసెన్సుకు కళ్ల పరీక్ష అని డ్రైవర్లను పిలిచి, ఆ వంకతో రక్తం కూడా తీశారట. కొన్నాళ్లకు వాళ్లలో ఒకరికి కామెర్లు వచ్చాయి. కళ్ల పరీక్షలో గుచ్చిన సూదే కారణమని హైవే పొడుగునా పాకింది. ఒక్కడు వస్తే ఒట్టు.

"మేం మరగబెట్టిన సూదే వాడాం. కానీ లోపల తలుపేసి మరగబెట్టాం. చెప్పిందేమో కళ్ల పరీక్ష. ఒకటి దాచినోడు రెండోది దాచలేదని ఎవరు నమ్ముతారండి? అందుకే స్టవ్వు రోడ్డు మీదికి తెచ్చాను" అన్నాడు.

నా వంతు వచ్చింది. లేచి నిలబడేసరికి కిటికీలోంచి వరసలో చివర ఒక నీలం కేబిన్ కనబడింది. పసుపు అక్షరాలు. తిరుపతమ్మ తల్లి. టైరుకు ఆనుకుని కోటేశ్వరరావు తల దువ్వుకుంటున్నాడు.

"మా దగ్గర ఒకామె ఉంది, ఆరో నెల..." అని మొదలుపెట్టి, మిగతాది మరిచిపోయి, "ఆమె భర్త ఇక్కడే ఉన్నాడు! నేను వెళ్లి మాట్లాడతాను. ఆ వరసలో..." అంటూ గుమ్మం వైపు కదిలాను.

జమున నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చెప్పకు అక్కా. ఏ లారీనో చెప్పకు."

"ఎందుకు? ఇంతకంటే అదను దొరుకుతుందా?"

"నువ్వు వాళ్ల ఊరిదానివి. నిన్ను సూసిండంటే పెండ్లాం చెప్పిందని ఎరుకైతది. నువ్వు ఏలు పెట్టి సూపిస్తే వాడొక్కడే దొంగ అయితడు. మేం అందరికీ పొయ్యి పెడ్తం. వస్తడో రాడో వాని ఇష్టం."

"రాకపోతే?" అన్నాను. "రాకపోతే ఆ బిడ్డ ఏం కావాలి?"

మస్తాన్ స్టవ్వు తీసుకుని బయటికి నడిచాడు. సత్తయ్య గిన్నె పట్టుకుని వెంట వెళ్లాడు. విస్తర్లు అలాగే ఉండిపోయాయి.

నేను కిటికీ పక్కన గోనెసంచుల దొంతర వెనక నిలబడ్డాను. స్టవ్వు వరస మధ్యలో, మా కిటికీకి దగ్గరగా పెట్టారు. గాలి కొట్టిన చప్పుడు, నీలం మంట, నీళ్లలో సూదులు పడ్డ టింగుమనే మోత. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు పేకముక్కలు పట్టుకునే వచ్చారు. కోటేశ్వరరావు రాలేదు. దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. కేబిన్ ఎక్కాడు. దిగాడు. నాకు ఆ మనిషిని మెడ పట్టి లాక్కురావాలనిపించింది. తండ్రి కాబోతున్నవాడు తల దువ్వుకోవడమేమిటని ఒళ్లు మండింది.

నీళ్లు ఉడుకు పట్టాయి. అప్పుడు అతను తువ్వాలు భుజాన వేసుకుని నెమ్మదిగా వచ్చాడు.

"ఏంటి బాబాయ్ అది, టీయా?"

"సూదులన్నా. కూర్చో" అన్నాడు మస్తాన్. అంతే అన్నాడు.

కూర్చున్నాడు. మాటలు కామెర్ల దగ్గర మొదలయ్యాయి. ఒకరు పసరు అన్నారు, ఒకరు చెరుకురసం అన్నారు. కోదాడలో విన్న దారినే మాట మెల్లగా నడిచింది. కోటేశ్వరరావు చాలాసేపు మంట వైపే చూస్తూ ఉన్నాడు.

"బాబాయ్, ఒక మాట" అన్నాడు చివరికి. "పిల్లలు కడుపులోనే పోవడం... అదేమన్నా ఇట్టాంటి దాని వల్ల అవుద్దా?"

మస్తాన్ మొహంలో ఏ మార్పూ లేదు. "కావచ్చన్నా. చూస్తే గాని చెప్పలేం" అన్నాడు.

జమున నా భుజం తట్టింది. "ఇగ చాలు అక్కా. ఇది మనం ఇనేది కాదు" అని లోపలి గదిలోకి తీసుకుపోయింది. చల్లారిన బగారా అన్నం నా ముందు పెట్టింది. ఏం తిన్నానో గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం వచ్చిన గాజుపలకలన్నీ చూడ్డానికి అక్కడి ల్యాబ్‌లో శేషగిరి గారు కూడా కూర్చున్నారు. సాయంత్రం బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటున్నారు. పరుగున వెళ్లాను.

"తిరుపతమ్మ ఉందా? రక్తం ఇచ్చాడా?"

ఆయన తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. "పొద్దున రైలు ఎన్నింటికండీ?" అన్నారు.

సత్తయ్యను అడిగాను. "మీకు గూడ చెప్పం మేడం. ఏమనుకోకుండ్రి" అన్నాడు. గౌరవంగానే అన్నాడు, కానీ చెప్పలేదు.

రైల్లో

గుంటూరు రైలు కృష్ణ దాటేదాకా నేను శేషగిరి గారితో మాట్లాడలేదు. నిజంగా కోపం వచ్చింది. ఇన్నేళ్లు ఒకే ఆసుపత్రిలో పనిచేశాం, ఒక్క మాట చెబితే ఏం పోయింది? స్టేషనులో కాఫీ వచ్చింది. పల్చగా, మాడువాసనతో ఉంది. ఆయన ఒక్క సణుగుడు కూడా లేకుండా తాగేశారు. నోరు ఊరుకోని మనిషి నోరు కట్టుకుని కూర్చోవడం అప్పుడు గమనించాను. ఆయనకు ఎంత కష్టంగా ఉందో అర్థమై నా కోపం పోయింది. ఈ మూడు ఊళ్లలో నేర్చుకోవాల్సిన పాఠాన్ని నాకంటే ముందు ఆయనే నేర్చుకున్నారు.

మా ఊళ్లో

వచ్చిన వారంలోనే బోర్డు దింపించాం. స్టవ్వు వరండాలోకి వచ్చింది. లారీ స్టాండు వైపు తలుపు తెరిపించాం. మా డాక్టరమ్మ పైవాళ్లకు సమాధానం చెప్పుకోలేక కొన్నాళ్లు అవస్థ పడింది, అదంతా వేరే కథ.

నాగమణి పరీక్షకు వచ్చినప్పుడు, "మీరెళ్లిన చోట ఏమన్నా దారి దొరికిందాండీ?" అని అడిగింది. నాకు తెలిసింది చెప్పకూడదు. చెప్పాల్సింది నాకే తెలియదు. "దొరుకుతుందమ్మా" అన్నాను. ఆమె తల ఊపి, అప్పడాల కట్ట ఒకటి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

నెలలు నిండాక ఆమెకు మా ఆసుపత్రిలోనే పాప పుట్టింది. ఏడుపు వరండా దాకా వినబడింది. కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది దానికి ముందు ఒక మధ్యాహ్నం.

స్టవ్వు అప్పుడే వెలిగించాం. కొత్త తలుపు దగ్గర కోటేశ్వరరావు నిలబడ్డాడు. అతని వెనక, కొంగు నిండుగా కప్పుకుని, నాగమణి.

"మేడం గారూ, ఈమెక్కూడా రక్తం చూడాలండి" అన్నాడు నేల చూస్తూ. "నాకు మిర్యాలగూడలో సూదేశారు. ఇంట్లో మనిషిని కూడా చూపించుకోమన్నారు. తప్పు నాదేనండి, ఈమెకేం తెలీదు. ఏమీ అనకండి ఈమెని."

నేను నాగమణి వైపు చూశాను. ఎన్నోసార్లు వెనక గుమ్మం నుంచి వచ్చి ఈ గదిలోనే ఏడ్చిన మనిషి.

"పేరేంటమ్మా?" అన్నాను.

"నాగమణండి" అంది. నా కళ్లలోకి నేరుగా చూసి, "ఇక్కడికి రావడం ఇదే మొదలండి" అంది.

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. శేషగిరి గారు సూదులు ఒక్కొక్కటే ఎత్తి చూపించి నీళ్లలో వేశారు. నీళ్లు ఉడకడం మొదలైంది.

"నొప్పి బాగా ఉంటదా అయ్యా?" అని నాగమణి మొగుణ్ని అడిగింది.

"కొంచెం ఉంటది" అన్నాడతను, ఆమె చెయ్యి పట్టుకుని. "భయపడకు. పక్కన నేనుంటాగా."